మెదడుకు కసరత్తు: బలుపా, వాపా?

క్యాసెట్ల కాలంలో ఒక వ్యాపారం బాగా నడిచింది. క్యాసెట్ పెడితే పైకి సంగీతమో అలల చప్పుడో వినిపిస్తుంది. దాని అడుగున, చెవికి ఆననంత సన్నగా, కొన్ని మాటలు రికార్డు చేసి ఉంటాయి. జ్ఞాపకశక్తి పెరగడానికి ఒక రకం, ఆత్మవిశ్వాసం పెరగడానికి ఇంకో రకం. మనకు తెలియకుండానే ఆ మాటలు లోపలి మనసులోకి దిగి పని చేస్తాయని అమ్మేవాళ్లు చెప్పేవారు.

ఆంథనీ గ్రీన్‌వాల్డ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటి పరిశోధకులు ఈ క్యాసెట్లనే తీసుకుని ఒక చిలిపి పని చేశారు. సగం క్యాసెట్లకు లేబుళ్లు మార్చి అంటించారు. అంటే మీద 'జ్ఞాపకశక్తి' అని ఉంటుంది, లోపల ఉన్నవేమో ఆత్మవిశ్వాసం మాటలు. అటువి ఇటు, ఇటువి అటు. నిజంగా మెరుగుపడాలని కోరుకుంటున్నవాళ్లకే వాటిని ఇచ్చి, నెల రోజులపాటు రోజూ వినమన్నారు. వినకముందు ఒకసారి, విన్నాక ఒకసారి పరీక్షలు పెట్టారు. 1991లో ఫలితాలు అచ్చయ్యాయి. లోపల ఏ మాటలున్నాయన్నదాన్ని బట్టి పరీక్షల్లో ఏ తేడా రాలేదు. కానీ మనుషుల్ని అడిగితే మూడో వంతుకు పైగా తాము బాగుపడ్డామనే చెప్పారు. ఎందులో అంటే, లేబుల్ మీద ఏముందో అందులో.

వీళ్లలో ఎవరూ అబద్ధం ఆడలేదు. తమకు అనిపించిందే చెప్పారు. ఇలాంటి మనిషే ఒక మైండ్ ట్రైనింగ్ కోర్సు పూర్తి చేసి, కెమెరా ముందు కూర్చుని 'నా జీవితం మారిపోయింది' అంటే అది కూడా అంతే నిజాయితీగా ఉంటుంది. అంతే పనికిరాకుండానూ ఉంటుంది.

మైండ్ ట్రైనింగ్, మెమరీ కోర్సు, బ్రెయిన్ యాప్, సబ్‌కాన్షస్ ప్రోగ్రామింగ్, విజువలైజేషన్... పేరు ఏదైనా, 'ఇవి పని చేస్తాయా?' అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ లేబుల్ గుర్తొస్తుంది. వాపును చూసి బలుపనుకోవడం అని మనవాళ్లు ఊరికే అనలేదు. అలాగని అంతా వాపే అని కొట్టిపారేయడానికీ లేదు. కొన్ని పద్ధతులు నిజంగానే పని చేస్తాయి. చిక్కంతా 'పని చేయడం' అనే మాట దగ్గర ఉంది. మనసుకు హాయిగా అనిపించడం ఒకటి, ఒక పనిలో చేయి తిరగడం ఒకటి, ఆలోచన పదునెక్కడం ఒకటి, జీవితంలో పైకి రావడం మరొకటి. అమ్మేటప్పుడు ఈ నాలుగింటినీ ఒకే మూటగా కట్టి అమ్ముతారు. మూట విప్పితే ఒక్కోదాని సంగతి ఒక్కోలా ఉంటుంది.

కొలబద్ద ఎవరి చేతిలో ఉంది?

కెనడాలో మైఖేల్ కాన్వే, మైఖేల్ రాస్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు చదువు నైపుణ్యాల శిక్షణ ఒకటి ఇప్పించారు. మార్కుల మీద పెద్దగా ప్రభావం ఉండని శిక్షణ అది. మొదలయ్యేముందు 'నీ చదువు పద్ధతి ఎలా ఉంది?' అని అడిగి, ప్రతి విద్యార్థి తనకు తాను ఇచ్చుకున్న మార్కులు రాసి పెట్టుకున్నారు. శిక్షణ అయ్యాక 'అప్పట్లో నీకు నువ్వు ఎన్ని వేసుకున్నావో గుర్తు చేసుకో' అన్నారు. శిక్షణ తీసుకున్నవాళ్లు నిజంగా వేసుకున్నదానికంటే తక్కువ చెప్పారు. అంటే వర్తమానం మెరుగుపడలేదు, గతాన్ని కిందికి దించుకున్నారు. మధ్యలో ఖాళీ ఏర్పడింది కదా, దాన్నే ఎదుగుదల అనుకున్నారు. మార్కులు మాత్రం ఎక్కడివక్కడే. 1984 నాటి ఈ అధ్యయనం చదివినప్పటి నుంచి, 'కోర్సుకు ముందు నేను ఎందుకూ పనికిరానివాణ్ని' అని ఎవరైనా మొదలుపెడితే నాకు చిన్న అనుమానం మొదలవుతుంది.

దీనికి తోడు ఇంకో మెలిక ఉంది. మనం ఇలాంటి కోర్సుల్లో ఎప్పుడు చేరతాం? అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు కాదు. పరీక్ష పోయినప్పుడో, ఉద్యోగంలో మాట పడినప్పుడో, మనసు బాగోలేనప్పుడో చేరతాం. అంటే అడుగంటిన రోజున. అడుగున ఉన్నవాడికి ఆ తర్వాత వచ్చే రోజులు ఎక్కువగా కాస్త పైకే ఉంటాయి, ఏమీ చేయకపోయినా సరే. జలుబుకు మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందన్న పాత జోకు ఉంది చూడండి, అదే లెక్క. తగ్గిన ఘనత మాత్రం మందుకు పోతుంది. తగ్గనివాళ్లు మధ్యలోనే మానేస్తారు కాబట్టి, వాళ్ల వీడియోలు ఎక్కడా కనబడవు.

నమ్మకం పరీక్షల్లోకి కూడా దూరుతుందని 2016లో సైరస్ ఫరూఘీ బృందం చూపించింది. యూనివర్సిటీలో రెండు రకాల పోస్టర్లు అంటించారు. ఒకటి మెదడుకు పదును పెట్టే శిక్షణ అని ఊరించేది. ఇంకోటి 'ఒక అధ్యయనంలో పాల్గొనండి' అని చప్పగా ఉండేది. ఒక్కో పోస్టర్ చూసి వచ్చినవాళ్లు 25 మంది చొప్పున. రెండు గుంపులకూ ఇచ్చిన శిక్షణ ఒకటే, గంట సేపు. తర్వాత తెలివితేటల పరీక్షలో ఊరించే పోస్టర్ చూసి వచ్చినవాళ్లకు 5 నుంచి 10 ఐక్యూ పాయింట్లకు సమానమైన పెరుగుదల కనిపించింది. రెండో గుంపులో కనిపించలేదు. గంట సేపట్లో ఎవరి తెలివీ అంత పెరగదు. పోస్టర్ ఏ రకం మనుషుల్ని లాగిందో, వాళ్లు ఎంత పట్టుదలగా పరీక్ష రాశారో అదే అంకెల్లో కనబడింది. బ్రెయిన్ ట్రైనింగ్ మీద వచ్చిన చాలా అధ్యయనాల్లో మనుషుల్ని పోగు చేసింది ఇలాంటి పోస్టర్లతోనే.

79 అంకెలు, 6 అక్షరాలు

ఇక అసలు సంగతికి వద్దాం. సాధన వల్ల బుర్ర మారదా? మారుతుంది. ఎంత మారుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చూడటానికి ఒకే ఒక్క మనిషి కథ చాలు.

అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఒక మామూలు విద్యార్థి ఉండేవాడు. శాస్త్ర పత్రాల్లో అతని పేరు ఎస్.ఎఫ్. అని మాత్రమే ఉంటుంది. ఆండర్స్ ఎరిక్సన్, విలియం చేజ్ అతన్ని కూర్చోబెట్టి సెకనుకో అంకె చొప్పున చదివి వినిపించేవారు. విన్నాక వరసగా తిరిగి చెప్పాలి. మొదట్లో మనందరిలాగే 7 అంకెల దగ్గర ఆగిపోయాడు. వారానికి మూడు నుంచి ఐదు రోజులు, రోజుకో గంట. ఏడాదిన్నర దాటేసరికి, సుమారు 230 గంటల సాధనతో, అతను ఒక్కసారి విని 79 అంకెలు వరస తప్పకుండా చెప్పగలిగాడు.

ఎలా? అతను పరుగు పందేల మనిషి. 3, 4, 9, 2 అని వినబడితే అతనికి అవి నాలుగు అంకెలు కావు. 'మూడు నిమిషాల 49.2 సెకన్లు, మైలు పరుగులో ప్రపంచ రికార్డుకు దగ్గర టైమ్'. పరుగుల టైముల్లో ఇమడనివాటిని వయసులుగా మార్చుకునేవాడు. 893 అంటే 89.3, పండు ముసలివాడు. ఈ ముక్కల్ని గుంపులుగా, గుంపుల్ని పెద్ద గుంపులుగా పేర్చుకునేవాడు. అతని బుర్రలో 'జ్ఞాపకశక్తి' అనే కండ ఏదీ పెరగలేదు. అంకెల్ని తగిలించుకోవడానికి కొక్కేల వరస ఒకటి తయారైంది.

ఒకరోజు అంకెలు ఆపి అక్షరాలు చదివారు. అతని స్కోరు 6.

1980లో ఇది అచ్చయింది. మైండ్ ట్రైనింగ్ గురించి ఇంతకంటే సూటిగా చెప్పిన ప్రయోగం నాకు ఇంకోటి తెలియదు. అభ్యాసం కూసువిద్య అన్నారు, నిజమే. కానీ ఏది అభ్యసిస్తే అదే విద్య. పక్కింటి విద్య కాదు. ఈ విలియం చేజే అంతకుముందు 1973లో హెర్బర్ట్ సైమన్‌తో కలిసి చదరంగం ఆటగాళ్ల మీద ఇలాంటిదే చూపించాడు. నిజమైన ఆటలోంచి తీసిన బల్లను ఐదు సెకన్లు చూపిస్తే, మాస్టర్ చాలా పావుల్ని ఎక్కడివక్కడ పెట్టేస్తాడు. కొత్తవాడు నాలుగైదు పెట్టి ఆగిపోతాడు. అవే పావుల్ని అడ్డదిడ్డంగా చల్లి చూపిస్తే మాస్టర్ గొప్ప దాదాపు మాయమైపోతుంది. పిల్లలకు చెస్ నేర్పిస్తే లెక్కలు వాటంతటవే వస్తాయని ఆశపడే తల్లిదండ్రులు గమనించాల్సిన సంగతి ఇది. చెస్ నేర్పండి, అది మంచి ఆట. లెక్కలు రావాలంటే మాత్రం లెక్కలే చేయించాలి.

ఒకచోట నేర్చింది ఇంకోచోటికి ఎంత పాకుతుందన్నది పాత ప్రశ్న. ఎడ్వర్డ్ థార్న్‌డైక్, రాబర్ట్ వుడ్‌వర్త్ 1901లోనే దీని మీద ప్రయోగాలు చేసి, రెండు పనుల్లో ఉమ్మడి అంశాలు ఉన్నంతవరకే పాకుతుందని తేల్చారు. తర్వాత వందేళ్లకు పైగా ఎవరో ఒకరు దీన్ని తప్పని నిరూపించబోయారు. 2008లో అందరికీ ఒక్కసారి ఆశ పుట్టింది. సుసానే యెగీ, ఆమె సహచరులు 'డ్యుయల్ ఎన్-బ్యాక్' అనే ఆటను కొన్ని వారాలు ఆడిస్తే, కొత్త సమస్యల్ని విప్పే మూల తెలివే పెరుగుతోందని ప్రకటించారు.

ఆ రోజుల్లో నేనూ ఆడాను. తెర మీద గడులు ఉంటాయి. మూడు సెకన్లకోసారి ఒక గడి వెలుగుతుంది, అదే క్షణంలో చెవిలో ఒక అక్షరం వినిపిస్తుంది. రెండు అడుగుల వెనక వెలిగిన గడే ఇప్పుడు వెలిగితే ఒక మీట నొక్కాలి. రెండు అడుగుల వెనక విన్న అక్షరమే మళ్లీ వినబడితే ఇంకో మీట. అది కుదిరితే మూడు అడుగులు, తర్వాత నాలుగు. మొదటి రోజు 2 దగ్గరే నాకు తల తిరిగింది. టెన్షన్‌తో పళ్లు బిగించి ఆడేవాణ్ని. నెల గడిచేసరికి 5 దాకా వెళ్లాను. ఆ సాయంత్రం నేను నిజంగా చురుకైనవాణ్నని అనిపించింది. ఆ సంగతి చివర్లో చెప్తాను.

థామస్ రెడిక్ బృందం 2013లో అదే ఆటను గట్టి జాగ్రత్తలతో మళ్లీ పరీక్షించింది. ఒక గుంపుకు ఎన్-బ్యాక్, ఇంకో గుంపుకు కష్టంగానే ఉండే వేరే ఆట, మూడో గుంపుకు ఏమీ లేదు. ఎన్-బ్యాక్ గుంపు ఎన్-బ్యాక్‌లో బాగా ఎదిగింది. మూల తెలివిలో ఎదుగుదల కనబడలేదు. అంతకుముందే, 2010లో, ఏడ్రియన్ ఓవెన్ బృందం బీబీసీతో కలిసి 11,430 మందికి ఆరు వారాలపాటు రకరకాల మెదడు ఆటలు ఆన్‌లైన్‌లో ఆడించి చూసింది. ఆడిన ప్రతి ఆటలోనూ జనం మెరుగుపడ్డారు. ఆడని పరీక్షల్లోకి అది పాకలేదు, ఆటకు దగ్గరగా ఉన్నవాటిలోకి కూడా.

ఈలోగా వ్యాపారం ఆగలేదు. లూమోసిటీ అనే ప్రఖ్యాత బ్రెయిన్ యాప్ కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. ఆటలు ఆడితే ఉద్యోగంలో, చదువులో రాణిస్తారని, వయసుతో వచ్చే మతిమరుపు వాయిదా పడుతుందని చెప్పుకోవడానికి తగిన ఆధారాలు లేవన్నది ఫిర్యాదు. 2016 జనవరిలో కంపెనీ 20 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. అదే ఏడాది డేనియల్ సైమన్స్, మరో ఆరుగురు శాస్త్రవేత్తలు అప్పటిదాకా బ్రెయిన్ ట్రైనింగ్ కంపెనీలు, దాన్ని సమర్థించేవాళ్లు చూపించిన అధ్యయనాలన్నీ వడపోసి ఒక పెద్ద సమీక్ష రాశారు. ఆడిన పనిలో మెరుగు ఖాయం, దానికి దగ్గర పనుల్లో కొద్దిగా, దూరపు పనుల్లో, రోజువారీ జీవితంలో చెప్పుకోదగ్గ ఆధారం లేదు. వాళ్లు తేల్చింది అంతే.

వయసు మళ్లినవారి విషయంలో మాత్రం బొమ్మ కాస్త వేరు. యాక్టివ్ అనే పెద్ద అధ్యయనంలో 65 ఏళ్లు దాటిన సుమారు 2,800 మందికి కొద్ది వారాల్లో 10 తరగతుల శిక్షణ ఇచ్చారు. తర్కం, చూపు వేగం నేర్పించిన గుంపుల్లో ఆయా నైపుణ్యాలు పదేళ్ల తర్వాత కూడా కొంత నిలిచాయి. ఇది చిన్న విషయం కాదు. రోజువారీ పనులు సులువుగానే చేసుకుంటున్నామని కూడా వాళ్లు ఎక్కువగా చెప్పారు. అయితే అలాంటి పనుల్నే ఎదురుగా చేయించి చూస్తే గుంపుల మధ్య తేడా దొరకలేదు. మళ్లీ ఆ లేబుల్ వాసన.

మెదడును 'ఆల్ఫా స్థితి'లోకి తీసుకెళ్తాం, మెదడులో 10 శాతమే వాడుతున్నాం లాంటి మాటల మీద ఎక్కువ సేపు కూర్చోనక్కర్లేదు. మెదడులో ఆల్ఫా అనే విద్యుత్ తరంగాలు ఉన్నమాట నిజమే. జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1929లో వాటి గురించి ప్రచురించాడు. సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఆ తరంగాలు కనబడటానికి మనిషి ఊరికే కళ్లు మూసుకుంటే చాలు. దానికి ఫీజు అవసరం లేదు. ఇక 10 శాతం కథ. శరీర బరువులో 2 శాతమే ఉండే మెదడు శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు 20 శాతం తింటుంది. అందులో 90 శాతం పని లేకుండా కూర్చుంటే శరీరం దాన్ని అంత ఖర్చు పెట్టి మేపదు.

గాలిమేడ, నిచ్చెన

ఆత్మవికాసం వ్యాపారంలో ఎక్కువగా అమ్ముడయ్యేది కల. కళ్లు మూసుకోండి, గెలిచినట్టు ఊహించుకోండి, ఆ గెలుపు మీ వైపు నడిచి వస్తుంది. ఈ విద్యను నేను చాలాకాలం నిరపాయకరమైనదే అనుకున్నాను. లాభం లేకపోయినా నష్టమేముంది అని. ఆ అభిప్రాయం మార్చుకోవాల్సి వచ్చింది.

లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే పరిశోధకులు పరీక్షకు తయారవుతున్న విద్యార్థుల్ని గుంపులుగా విడదీశారు. ఒక గుంపు రోజూ ఐదు నిమిషాలు మంచి మార్కులు వచ్చినట్టు, బోర్డు మీద తమ నంబర్ చూసి పొంగిపోయినట్టు ఊహించుకోవాలి. ఇంకో గుంపు ఊహించుకోవాల్సింది చదవడాన్ని. ఎక్కడ కూర్చుంటున్నాను, ఏ పుస్తకం తీస్తున్నాను, టీవీ ఎలా కట్టేస్తున్నాను, పిలిచిన ఫ్రెండ్‌కు రానని ఎలా చెప్తున్నాను. 1999లో వెలువడిన ఫలితం ప్రకారం, చదవడాన్ని ఊహించుకున్నవాళ్లు ముందుగా చదవడం మొదలుపెట్టారు, మార్కులూ ఎక్కువ తెచ్చుకున్నారు. మార్కుల్ని ఊహించుకున్నవాళ్లు ఏమీ ఊహించుకోనివాళ్లకంటే తక్కువ సేపు చదివారు, మార్కులూ తగ్గాయి.

గాబ్రియెల్ ఓటింజెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే దారిలో ఏళ్ల తరబడి పని చేసింది. ఉద్యోగ వేటలో ఉన్న జర్మన్ పట్టభద్రుల్ని రెండేళ్లు గమనిస్తే, తీపి ఊహల్లో ఎక్కువగా తేలినవాళ్లు తక్కువ దరఖాస్తులు పెట్టారు, తక్కువ ఆఫర్లు అందుకున్నారు, తక్కువ జీతాలకు కుదిరారు. ఇక్కడ ఒక తేడా జాగ్రత్తగా పట్టుకోవాలి. 'నాకు ఉద్యోగం వస్తుంది' అని నమ్మినవాళ్లు బాగానే నెగ్గారు. ఆ నమ్మకానికి వెనక అనుభవం ఉంటుంది, గతంలో ఏవో చేసి చూపించి ఉంటారు. ఊహకు అలాంటి పునాది అక్కర్లేదు. గెలిచిన సుఖం ముందే కొంత దక్కేసరికి శరీరం చల్లబడిపోతుందని ఓటింజెన్ అంటుంది. గాలిమేడలో అప్పుడే కాపురం పెట్టేసినవాడికి ఇటుకలు మోయాలని ఎందుకు అనిపిస్తుంది?

అద్దం ముందు నిలబడి 'నేను గొప్పవాణ్ని' అనుకునే పద్ధతికి వందేళ్లు దాటాయి. 1920లలో ఎమిల్ కూయే అనే ఫ్రెంచి ఫార్మసిస్టు 'రోజురోజుకూ, అన్ని విధాలా, నేను మెరుగవుతున్నాను' అనే వాక్యాన్ని జపంలా చెప్పించి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. మంత్రాలకు చింతకాయలు రాలవన్నది సరే, 2009లో జోయెన్ వుడ్ బృందం ఇంకా ఇబ్బందికరమైన సంగతి చూసింది. తమ మీద తమకు నమ్మకం తక్కువగా ఉన్నవాళ్లు 'నేను ప్రేమకు తగిన మనిషిని' అని పదేపదే అనుకుంటే మనసు మరింత దిగజారింది. మాట పైకి అంటుంటే లోపల్నుంచి 'నిజమేనా?' అనే ఎదురు ప్రశ్న వస్తుంది కాబోలు. తర్వాత ఇదే ప్రయోగాన్ని మళ్లీ చేసిన వేరే పరిశోధకులకు ఆ నష్టం కనబడలేదు కాబట్టి దీన్ని నేను మరీ గట్టిగా పట్టుకోను. కానీ ఎవరికి ఆ మందు ఎక్కువ అవసరమో వాళ్లకే అది పని చేయకపోవచ్చన్న అనుమానం మాత్రం పోలేదు.

చప్పగా ఉండేవే నిలిచాయి

పరీక్షలకు తట్టుకుని నిలబడిన పద్ధతులకు ఒక పోలిక ఉంది. అవి చేస్తున్నప్పుడు గొప్పగా ఏమీ అనిపించదు.

చదువునే తీసుకోండి. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ విద్యార్థులకు ఒక చిన్న పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని నాలుగు విడతలు చదివారు. కొందరు ఒక విడత చదివి, తర్వాతి మూడు విడతల్లో పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగు విడతలు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే వాళ్లకు 40 శాతం గుర్తుంది, పుస్తకం మూసి రాసినవాళ్లకు 61 శాతం. అన్నిటికంటే ముఖ్యమైనది, బాగా గుర్తుంటుందని ధీమాగా చెప్పింది నాలుగుసార్లు చదివినవాళ్లే. పుస్తకం మూసి గుర్తు చేసుకోవడం చిరాకు. దొరకదు, తడుముకోవాలి, మనకేమీ రాలేదనిపిస్తుంది. ఆ తడుములాటే నేర్పుతుంది. మళ్లీ మళ్లీ చదవడం హాయిగా ఉంటుంది, ఆ హాయిని మనం రావడం అనుకుంటాం.

పట్టుదల విషయంలో కూడా ఇలాగే. మోటివేషన్ ఉంటే చాలు, తక్కినవి వాటంతటవే జరుగుతాయని ప్రతి స్టేజీ మీదా వింటాం. సారా మిల్న్, షీనా ఆర్బెల్, పాస్కల్ షీరన్ 2002లో దీన్ని వ్యాయామం మీద పరీక్షించారు. మామూలు గుంపులో వారంలో ఒక్కసారైనా వ్యాయామం చేసినవాళ్లు 38 శాతం. గుండె జబ్బుల గురించి కదిలించే పాఠం చదివించిన గుంపులో 35 శాతం. అదే పాఠంతో పాటు 'ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ చేస్తాను' అని ఒక్క వాక్యం రాయించుకున్న గుంపులో 91 శాతం. పాఠం చదివినవాళ్లకు ఉత్సాహం పెరిగింది, కాళ్లు మాత్రం కదల్లేదు. ఆరంభశూరత్వం అంటారే, అది కూడా ఆరంభమైతేనే కదా!

పీటర్ గోల్విట్సర్ పేరుతో ముడిపడిన ఈ 'ఫలానా వేళ ఫలానా చోట ఫలానా పని' పద్ధతి మీద పదుల కొద్దీ అధ్యయనాలు వచ్చాయి, మొత్తం మీద ఫలితం బాగానే ఉంది. అయితే 91 చూసి మోసపోకూడదు. కాలేజీ గది దాటి బయటి ప్రపంచంలోకి వస్తే అంకెలు చిన్నబోతాయి. 2011లో ఒక పెద్ద కంపెనీ ఉద్యోగులకు ఫ్లూ టీకా తేదీ, సమయం రాసుకోమని కాగితం పంపితే, టీకా వేయించుకున్నవాళ్లు 33 శాతం నుంచి 37 శాతానికి పెరిగారు. నూటికి నలుగురు ఎక్కువ. ఒక్క కాగితం ముక్కకు అది చాలా మంచి బేరం. కానీ 'జీవితం మారిపోయింది' అనే పోస్టర్ మీద వేయడానికి పనికిరాని అంకె.

ధ్యానం పరీక్షలకు నిలిచినవాటికీ నిలవనివాటికీ మధ్యలో ఎక్కడో ఉంది. 2014లో 47 ప్రయోగాల్ని కలిపి చూసిన సమీక్షలో ఆందోళన, దిగులు, నొప్పి కొంత తగ్గుతాయని తేలింది. ఏకాగ్రత పెరుగుతుందనడానికి మాత్రం తగినంత ఆధారం దొరకలేదు. మనశ్శాంతి కోసం కూర్చుంటే న్యాయమే, ర్యాంకు కోసం కూర్చుంటే వేరే సంగతి. తేలికపాటి డిప్రెషన్‌కు ఆలోచనల్ని కాగితం మీద పెట్టి తర్కించే చికిత్సా పద్ధతిని సొంతంగా సాధన చేయించే పుస్తకాలు కూడా పరీక్షల్లో నెగ్గాయి. అది ఊరట కాదు, ఇంటిపని ఉన్న చదువు.

ఆలోచన పదునెక్కడం అనే అసలు కోరిక మాటేమిటి? సూటిగా నేర్పిస్తే అదీ కొంత సాధ్యమే. డారిన్ లెహ్మన్, రిచర్డ్ లెంపర్ట్, రిచర్డ్ నిస్బెట్ 1988లో పై చదువులు చదివేవాళ్లను పోల్చారు. మనస్తత్వ శాస్త్రం, వైద్యం చదివినవాళ్లు రోజువారీ సమస్యల మీద కూడా సంభావ్యతను బట్టి బాగా ఆలోచించడం నేర్చుకున్నారు. కెమిస్ట్రీ వాళ్లలో ఆ మార్పు లేదు. వాళ్లు తక్కువవాళ్లని కాదు. వాళ్ల సబ్జెక్టులో 'ఇది కాకతాళీయం కావచ్చా?' అని రోజూ అడగాల్సిన అవసరం రాదు. ఫిలిప్ టెట్లాక్ బృందం ప్రపంచ రాజకీయాల మీద జోస్యాలు చెప్పించే పోటీలో, గంటలోపు శిక్షణతోనే అంచనాల కచ్చితత్వం సుమారు 10 శాతం మెరుగుపడటం చూసింది. ఆ శిక్షణలో మెదడు తరంగాలు లేవు. ఇలాంటివి గతంలో ఎంత తరచుగా జరిగాయో ముందు చూడు, కొత్త వార్త వస్తే అంచనాను కొద్దికొద్దిగా సవరించుకో, తప్పితే లెక్క రాసుకో, అంతే. ఇక తెలివి పరీక్షల స్కోర్లను నమ్మకంగా పెంచేది ఏదైనా ఉందంటే, అది ఎవరూ పోస్టర్ వేయని మామూలు బడి చదువు. 2018లో స్టూవర్ట్ రిచీ, ఇలియట్ టక్కర్-డ్రాబ్ 6 లక్షల మందికి పైగా సమాచారం కలిపి చూస్తే, ఒక్కో అదనపు ఏడాది చదువుకు 1 నుంచి 5 ఐక్యూ పాయింట్లు తేలాయి.

మరి సక్సెస్?

ఇక్కడికొచ్చేసరికి దారం బాగా సన్నబడుతుంది. ఒక నైపుణ్యం పెరిగితే ఆలోచన పెరగాలి, ఆలోచన పెరిగితే నిర్ణయాలు మారాలి, నిర్ణయాలు మారితే ఫలితాలు మారాలి. ప్రతి ముడి దగ్గరా కొంత కారిపోతుంది. 'తెలివి పెంచుకోగలిగేదే' అని పిల్లలకు నూరిపోసే గ్రోత్ మైండ్‌సెట్ పద్ధతి మీద 2019లో అమెరికాలో 12,000 మందికి పైగా తొమ్మిదో తరగతి పిల్లలతో చాలా పకడ్బందీగా ప్రయోగం జరిగింది. చదువులో వెనకబడ్డ పిల్లల సగటు గ్రేడు 4 పాయింట్ల స్కేలు మీద 0.1 పెరిగింది. గంటలోపు ఆన్‌లైన్ పాఠానికి అది నిజంగా మెచ్చుకోదగ్గదే. దాని పేరు మీద పుట్టిన హడావుడి మాత్రం ఆ 0.1 మోయగలిగిన బరువు కాదు.

సక్సెస్‌లో మనసు వాటా ఎంత అన్నదానికి ఒక్క అంకె చెప్పడం కుదరదు. ఎవరింట్లో పుట్టాం, ఎవరు చేయందించారు, ఆ ఏడాది ఉద్యోగాలు ఉన్నాయా లేవా, ఇవన్నీ అందులో ఉంటాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఫలితం వస్తే పద్ధతి గొప్ప, రాకపోతే 'మీరు మనస్ఫూర్తిగా నమ్మలేదు'. ఏ వైద్యుడైనా ఇలా మాట్లాడితే మనం రెండోసారి గడప తొక్కం. ఇక్కడ మాత్రం అడ్వాన్స్‌డ్ కోర్సుకు డబ్బు కడతాం. అప్పటికే తల వంచుకుని వచ్చిన మనిషికి, ఓడిపోయింది కూడా నీ ఆలోచన వల్లే అని చెప్పి పంపించడం ఎంతమాత్రం న్యాయం కాదు.

ఎవరైనా నన్ను అడిగితే ఒకటే చెప్తాను. చేరాలనిపిస్తే చేరండి, కానీ మొదటి రోజుకు ముందే, మీ జీవితంలో ఏది మారాలనుకుంటున్నారో దాన్ని లెక్కపెట్టగలిగే రూపంలో కాగితం మీద రాసి తేదీ వేయండి. కోర్సు వాళ్లు ఇచ్చే పరీక్ష కాదు, మీ సొంత లెక్క. కాన్వే, రాస్ విద్యార్థుల్లా గతాన్ని కిందికి లాగకుండా అడ్డుపడేది ఆ కాగితమే.

ఎన్-బ్యాక్ మొదలుపెట్టినప్పుడు నేను ఆ పని చేశాను. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ ఆట స్కోరుకు. కుడి పేజీలో వేరే లెక్క: ఏదో పని మీద ఒక గదిలోకి వచ్చి, ఎందుకొచ్చానో గుర్తురాక నిలబడిపోయిన సార్లు. నెల తిరిగేసరికి ఎడమ పేజీ 2 నుంచి 5కి ఎక్కింది. కుడి పేజీలో మొదటి వారం 9, చివరి వారం 10. ఆ పదిలో ఒకసారి నేను వచ్చింది ఆ నోట్‌బుక్ కోసమేనట.